వెనక్కి నడిచే మనిషికి కళ్ళు

సోలార్ ప్యానెల్‌ను ఒక్క మనిషి మోయకూడదు. బరువని కాదు. కాస్త ఒంట్లో బలమున్నవాడు ఒక్కడే ఎత్తగలడు. ఎత్తి, నెత్తిన పెట్టుకుని, ఈల వేసుకుంటూ పోయేవాళ్ళను కూడా చూశాను. వాళ్ళ మీద నాకు గౌరవమూ లేదు, జాలీ లేదు. మనిషి కంటే పొడుగున్న గాజు పలక అది. ఒక్కడే పట్టుకుంటే ముందేముందో కనబడదు, పలక మధ్యలో వంగుతుంది, గాలి వచ్చిందంటే పలకనూ మనిషినీ కలిపి ఈడ్చుకుపోతుంది. అందుకని ఇద్దరు పట్టుకోవాలి. నిలువుగా, చెరో చివర ఫ్రేము పట్టుకుని. వెనకాల వేలాడే వైర్లు పట్టుకుని ఎత్తకూడదు. గాజు మీద మోకాలు ఆనించకూడదు. పైకి ఏమీ కనబడదు గానీ లోపల సన్నగా చిట్లుతుంది. అది బయటపడేసరికి పెట్టినవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉంటారు.

మోసే ఇద్దరిలో ఒకరు ముందుకు నడుస్తారు, ఒకరు వెనక్కి నడుస్తారు. మా జట్టులో వెనక్కి నడిచేది మా ఆయన. ఆయనకు కళ్ళు నేను. నేను "గొట్టం" అంటే కాలెత్తి వెనక్కి వేస్తాడు. "గోడ" అంటే ఆగిపోతాడు. "గాలి" అంటే ఇద్దరం ఒక్కసారే తిరిగి, పలక అంచును గాలికి ఎదురుపెడతాం. ఇంట్లో తాళం వేశావా అని నన్ను వీధి మలుపు దాకా అడుగుతూనే వచ్చే మనిషి, పైకప్పు మీద నా ఒక్క మాట నమ్మి, తల కూడా తిప్పకుండా అడుగు వెనక్కి వేస్తాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. కింద నేను ఆయన్ని మీరు అంటాను, పైన నువ్వు అంటాను. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. "ఏవండీ, కాస్త ఎడమకు జరుగుతారా" అని పూర్తిచేసేలోపు మనిషి పిట్టగోడ దాటిపోతాడు. అందుకని "ఎడమకి రా" అనడం అలవాటైంది. ఆయన కింద నన్ను "ఇదిగో" అంటాడు, పైన "మేస్త్రీ" అంటాడు. మా కాపురంలో తీపి ఏదైనా ఉందంటే అదంతా పైకప్పుల మీదే ఉంది, కింద మిగిలిందంతా కూరగాయలూ కరెంటు బిల్లూను.

ఇప్పుడు నా చివర మా ఆడపడుచు పట్టుకుంటోంది.

దానికి కారణం నా కుడి భుజం. ఎండలు ముదరకముందు ఒక గోడౌను మీద చివరి ప్యానెల్ మోస్తుంటే భుజంలో ఏదో పుటుక్కుమంది. అలాంటప్పుడు అనడానికి ఒక మాట ఉంది: దింపు. మోసే ఇద్దరిలో ఎవరైనా సరే, చెయ్యి జారుతున్నా, కాలు తడబడినా, ఊరికే తుమ్ము వచ్చినా సరే, "దింపు" అంటే రెండోవాళ్ళు మారుమాట లేకుండా అక్కడికక్కడ దించాలి. ఎందుకని అడగకూడదు. ముఖం అదోలా పెట్టకూడదు. ఈ పనిలోకి దిగిన కొత్తలో మేమిద్దరం పెట్టుకున్న ఒప్పందం అది. పెట్టుకున్నామే గానీ దాని అవసరం పడలేదు. నేను ఆ మాట ఏనాడూ అనలేదు, ఆయనా అనలేదు. ఆ గోడౌను మీద కూడా నేను అనలేదు. భుజంలో నిప్పులు పోసినట్టున్నా పళ్ళు బిగించి తీసుకెళ్ళి, ప్యానెళ్ళు నిలిపే రెయిళ్ళ మీద పెట్టి, క్లాంపు బిగించేదాకా నిలబడి, అప్పుడు కూలబడ్డాను. ప్యానెల్ మీద గీత కూడా పడలేదు. ఆ సంగతి ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. మా ఆయన "నయమయ్యేదాకా చెల్లి వస్తుందిలే" అన్నాడు. చిన్న మాటే. కంచం దగ్గర, నీళ్ళ గ్లాసు జరుపుతూ అన్నాడు. ఆ రోజునుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మా ఆడపడుచు ఈ పని కోర్సు చేసి నేర్చుకుంది. అందుకని మనసులో దానికి టీచరమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఏం మాట్లాడినా చివర "మాకు చెప్పారు వదినా" అని తగిలిస్తుంది. గ్లౌజులు లేకుండా ఫ్రేము అంచు పట్టుకోకూడదని మాకు చెప్పారు వదినా. వైర్లు కలిపే కనెక్టరు టిక్కుమనేదాకా నొక్కాలని మాకు చెప్పారు వదినా. అమ్మా తల్లీ, ఆ టిక్కు నువ్వు రెండు జడలేసుకుని బడికెళ్ళే రోజులనుంచీ నేను వింటున్నాను. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, అది చెప్పేవన్నీ నిజాలే. ఒక్కటైనా తప్పు చెబితే నాకు కాస్త మనశ్శాంతిగా ఉండేది.

అలా నేను లోపల్లోపల ఉడుకుతున్న రోజుల్లో లాండ్రీ పని వచ్చింది. ఆస్పత్రులకూ హోటళ్ళకూ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. కింద యంత్రాలు తిరుగుతుంటే గోడలు సన్నగా వణుకుతుంటాయి. పైకప్పు నిండా అడ్డదిడ్డంగా ఆవిరి గొట్టాలు. చెయ్యి తగిలితే చర్మం ఊడొచ్చేంత వేడి. ప్యానెళ్ళు సామాన్ల లిఫ్టులో పై అంతస్తు దాకా వెళతాయి. అక్కడినుంచి మెట్లెక్కించి, గొట్టాల మధ్యనుంచి ఇద్దరు మోసుకుపోవాలి. కళ్ళు బాగా పనిచేయాల్సిన చోటు. నాలాంటిదాని కోసం కట్టినట్టున్న పైకప్పు.

నన్ను మాత్రం కింద కూర్చోబెట్టారు. ఇన్వర్టర్ పక్కన స్విచ్చు పెట్టె ఉంటుంది. పైన వైర్లు కలుపుతున్నంతసేపూ ఆ స్విచ్చు ఆపి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి ఒక మనిషి జేబులో పెట్టుకోవాలి. ఎందుకంటే ప్యానెల్‌కు స్విచ్చు ఉండదు. దాని మీద వెలుగు పడినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది, మందపాటి టార్పాలిన్ కప్పితే తప్ప ఊరుకోదు. కింద ఎవరో తెలియక మీట పైకి లేపారంటే, పైన కనెక్టరు కలుపుతున్న చేతుల్లో నిప్పు లేస్తుంది. మేమిద్దరమే ఉన్నప్పుడు ఆ తాళంచెవి నా జేబులో ఉండి నాతోపాటు పైకి వచ్చేది. ఇప్పుడు మా ఆయన పెట్టె పక్కన కుర్చీ వేసి, "నువ్విక్కడ కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారంటే ఆ మనిషితో పనిలేదని అర్థం. ఆ మాత్రం నాకు తెలియదా?

కూర్చుని పైకి చెవులు రిక్కించాను. మెట్ల మార్గం తెరిచి ఉంది కాబట్టి మాటలు కిందికి వస్తాయి.

"మెట్టు, అన్నయ్యా."

"ఊఁ."

"గొట్టం, అన్నయ్యా. ఇంకొంచెం కాలెత్తు."

ఇంకొంచెం కాలెత్తట. నేనైతే గొట్టం అంటే చాలు, ఏ గొట్టానికి ఎంత ఎత్తాలో ఆయనకు నా గొంతును బట్టే తెలుస్తుంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబితే తప్ప నడవలేని మనిషా ఆయన? నా కడుపుమంటకు కూడా స్విచ్చు లేదు, కప్పుదామంటే ఏ టార్పాలినూ చాలదు.

కాసేపటికి "దింపు, అన్నయ్యా" అని వినబడింది. నాకు చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. పిల్ల చేతులెత్తేసిందన్నమాట. ఇంకాసేపటికి మళ్ళీ "దింపు". ఈసారి యంత్రాల హోరులో గొంతు కలిసిపోయింది, అన్నయ్యా అన్నది వినబడలేదు, ఉత్త మాటే వచ్చింది. తరవాత ఇంకోటి. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టి, వేళ్ళు చాలక మానేశాను. ఎన్ని దింపులైతే అంత తొందరగా ఆయనకు నా విలువ తెలిసొస్తుంది.

అయితే ఆ దింపు వెనకాలే నవ్వులు కూడా వినబడ్డాయి. ఇద్దరివీ. పలక దించి, ఏదో అనుకుని, నవ్వుకుని, మళ్ళీ ఎత్తుకుంటున్నారు. ఆయన మోత మధ్యలో నాతో ఎప్పుడూ నవ్వలేదు. మాకు నవ్వడానికి తీరికేదీ? మేము పని చేసేవాళ్ళం. అలా అని సర్దిచెప్పుకున్నాను గానీ నాకే అది అతకలేదు.

అంతలో లాండ్రీ యజమానురాలు వచ్చింది. ముందు నా చెప్పుల వంక చూసి, వాటికి దుమ్ము లేదని నమ్మకం కుదిరాక నా ముఖం చూసింది.

"పైన పనిచేసేవాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలా అమ్మా? ఎంత బాగా కలిసి చేస్తున్నారో."

"అన్నాచెల్లెళ్ళు. పెళ్ళాన్ని నేను."

"అలాగా. మరి మీరేం చేస్తారు?"

"తాళం చూస్తాను."

ఆవిడ నన్నూ తాళాన్నీ మార్చి మార్చి చూసి, పాపం అన్నట్టు తలాడించి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

భోజనాల వేళకు ఇద్దరూ దిగొచ్చారు. ఇద్దరి చొక్కాలూ తడిసి వీపులకు అంటుకున్నాయి. మా ఆయన సీసా అందుకుని ముందు చెల్లెలికి ఇచ్చాడు. సరే, అది చిన్నది, దాహంతో ఉంది, ఇవ్వనీ. డబ్బా మూత తీస్తూ, "ఆ మూల గొట్టం నువ్వు చెప్పకపోతే నా కాలు కాలేది. భలే చూశావు మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రీ.

చేతిలో ముద్ద డబ్బాలో పడేశాను. ఆయనకు ఏమీ తెలియదు, నోట్లో ముద్ద పెట్టుకుని నములుతున్నాడు. చీర ఇచ్చేసినా ఊరుకునేదాన్ని, నగ ఇచ్చేసినా ఊరుకునేదాన్ని. ఆ పిలుపు నాది.

"పొద్దుటినుంచీ దింపు దింపు అని ఒకటే పాట వినబడుతోంది" అన్నాను. "ఇంతకీ మోసింది ఎక్కువా, దింపింది ఎక్కువా?"

టీచరమ్మ ముఖం ఎర్రబడింది. "చెయ్యి తిమ్మిరెక్కితే వెంటనే దించమని మాకు చెప్పారు వదినా."

"మాకు అలాంటివి చెప్పలేదమ్మా. ఎత్తితే చేర్చడమే మాకు తెలుసు. కదండీ?"

మా ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సాయంత్రం చివరి వరస నేను మోస్తాను" అన్నాను.

"భుజం?"

"నా భుజం సంగతి నాకు తెలుసు. నయమైంది."

నిజానికి నయమైందో లేదో డాక్టరు ఇంకా చెప్పలేదు. నేనే తేల్చుకున్నాను. స్నానాలగదిలో తలుపు వేసుకుని నీళ్ళ బకెట్టు భుజం ఎత్తుకు లేపి దించుతున్నాను కొన్నాళ్ళుగా. సగం బకెట్టుతో మొదలుపెట్టి నిండు బకెట్టు దాకా వచ్చాను. బయట ఆయన తలుపు కొట్టి "ఇదిగో, ఎంతసేపు" అంటే "తల రుద్దుకుంటున్నాను" అనేదాన్ని.

మా ఆయన డబ్బా మూసి పక్కన పెట్టాడు. మామూలుగా నేను పంతం పట్టినప్పుడు ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఈసారి వెళ్ళలేదు.

"సరే, చివరి వరస నువ్వూ నేనూ. ఆ వరస మోయగలిగితే రేపటినుంచి నీ చోటు నీది, చెల్లి వేరే జట్టులో చేరుతుంది. మోయలేకపోతే మాత్రం చెల్లే ఉంటుంది నాతో, నయమయ్యేదాకా కాదు, ఎప్పటికీ. మళ్ళీ ఈ విషయం ఇంట్లో ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోక?"

టీచరమ్మ ఏదో అనబోయి, అన్నయ్య ముఖం చూసి, డబ్బాలు కడగడానికి వెళ్ళిపోయింది.

ఎండ వాలాక పైకి వెళ్ళాను. స్విచ్చు పెట్టెకు తాళం వేసే ఉంది, తాళంచెవి ఎప్పటిలా నా జేబులోనే ఉంది. పై మెట్టు మీద సేఫ్టీ బెల్టు తొడుక్కుంటే టీచరమ్మ వచ్చి నా పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసింది. వీపు దగ్గర ఆగింది.

"ఇక్కడ మెలిపడింది వదినా. విప్పి మళ్ళీ వేస్తాను."

నిజంగానే మెలిపడింది. విప్పి, సరిచేసి, కొక్కెం తీసుకెళ్ళి పిట్టగోడ వెంబడి కట్టిన తాడుకు తనే తగిలించింది. నేను థాంక్స్ చెప్పలేదు. అలా చూసిపెట్టేది ఇదివరకు నేను.

పైకప్పు మీద అడుగుపెట్టగానే నాకు కళ్ళు చెమర్చాయి, దాన్ని ఎండ మీదికి తోసేశాను. పొద్దున పెట్టిన వరసలు టార్పాలిన్ల కింద పడుకుని ఉన్నాయి. చివరి వరస రెయిళ్ళు ఖాళీగా ఉన్నాయి. మా ఆయన పలకకు ఆ చివర నిలబడ్డాడు. నేను ఈ చివర గ్లౌజులు తొడుక్కుని ఫ్రేము పట్టుకున్నాను.

"లేపుదామా?"

"లేపు" అన్నాను.

పలక లేచింది. ఆయన వెనక్కి అడుగు వేశాడు. నేను ఆయన భుజం మీదుగా దారి చూశాను. "గొట్టం." కాలెత్తాడు. "ఎడమకి రా. ఇంకా రా. చాలు." అన్ని నెలల తరవాత ఆయన్ని నువ్వు అన్నాను. కొత్తగా కాపురానికి వచ్చినదానిలా నాకు సిగ్గేసింది. పలకను రెయిళ్ళ మీద వాల్చాం. టీచరమ్మ స్పానరుతో క్లాంపులు బిగించి, ఎర్తు వైరు తగిలించి, తలెత్తి "భలే తెచ్చారు వదినా" అంది. దాని గొంతులో ఎగతాళి కోసం వెదికాను. లేదు. ఉంటే బాగుండేది.

"ఎలా ఉంది?" అన్నాడు మా ఆయన.

"నీకెలా ఉంది?" అన్నాను. ఆయన నవ్వాడు. నేను టీచరమ్మ వైపు ఓరగా చూసి, నా చోటు నేను దక్కించుకున్నానని లెక్కేసుకున్నాను.

తరవాతివి కూడా బాగానే వెళ్ళాయి. వరస పూర్తవడానికి కొద్దిగా మిగిలి ఉండగా భుజంలో పాత నొప్పి కళ్ళు తెరిచింది. మొదట సన్నగా, నాకూ దానికీ మాత్రమే తెలిసేలా. నేను దాన్ని పట్టించుకోలేదు. ఎత్తాం. ఆయన వెనక్కి నడుస్తున్నాడు. పెద్ద గొట్టం ముందు గాలి లేచింది.

"గాలి" అన్నాను.

ఇద్దరం తిరిగాం. పలక అంచు గాలికి ఎదురైంది, గాలి పక్కలనుంచి జారిపోయింది. కానీ ఆ తిరగడంలో నా భుజం మళ్ళీ పుటుక్కుమంది. మోచేతి దాకా మంట, వేళ్ళు నావి కావన్నట్టు మొద్దుబారాయి.

రెయిళ్ళు కనబడుతూనే ఉన్నాయి. పెద్ద దూరం కాదు. గోడౌను మీద ఇంతకంటే దూరం ఓర్చుకున్నాను. ఇప్పుడు నోరు తెరిచానా, నా చోటు దానిదే. రేపటినుంచి రోజూ మేస్త్రీ అన్న పిలుపు దానికే, ఆయన వెనక్కి వేసే ప్రతి అడుగూ దాని మాట మీదే. నాకు ఆ కుర్చీ, ఆ తాళం. క్లాంపు దగ్గర టీచరమ్మ స్పానరు ఆపి నన్నే చూస్తోంది. చూడనీ. దాని కళ్ళ ముందే చేర్చి చూపిస్తాను అనుకున్నాను.

అలా దాన్ని చూస్తూ నేను ఆయన వెనకాల చూడటం మరిచిపోయాను.

ఆయన మడమ గొట్టానికి జానెడు దూరంలో ఉంది. గొట్టం అవతల పిట్టగోడ, అది మోకాలెత్తు కూడా లేదు. నేను ఏమీ చెప్పలేదు కాబట్టి ఆయన దారి ఖాళీగా ఉందనుకుని అడుగెత్తుతున్నాడు. నేను ఎప్పుడూ ఆయన భుజం మీదుగా చూసేదాన్ని, మోసేటప్పుడు ఆయన ముఖం చూసిన గుర్తు లేదు. ఆ క్షణం చూశాను. ఆయన పెదాలు బిగబట్టి ఉన్నాయి. కళ్ళు నా కుడి చేతి మీదే ఉన్నాయి. ఆయనకు భయంగా ఉంది.

"దింపు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆ మాట నోట్లోంచి ఊడిపడేలోపే ఆయన ఆగి మోకాళ్ళు వంచాడు. పలక అడుగు నేలకు ఆనింది. టీచరమ్మ ఎప్పుడు వచ్చిందో, నా చివర తను పట్టుకుంది. పలకను అట్టముక్కల మీద భద్రంగా పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పింది. ఎందుకు దించారని ఎవరూ అడగలేదు.

మా ఆయన వెనక్కి తిరిగి గొట్టాన్ని చూశాడు. తరవాత అక్కడే కూర్చుని ముఖం తుడుచుకుని, "హమ్మయ్య" అన్నాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఏంటి హమ్మయ్య? నా పీడ వదిలిందనా?"

"ఇన్నేళ్ళకి అన్నావు కదా అని."

"అనక చస్తానా? చెయ్యి పడిపోతుంటే."

"గోడౌను మీద కూడా పడిపోయింది. అప్పుడు అనలేదు." ఆయన కాసేపు గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటీ లాక్కుంటూ కూర్చున్నాడు. "ఆ రోజు నీకంటే ముందు నా చెయ్యే పట్టేసింది. దింపు అనబోయి నీ వంక చూశాను. పళ్ళు బిగించి వస్తున్నావు. ఆడది అలా వస్తుంటే నేను ఆగమంటానా అనిపించింది. ఊరుకున్నాను. తరవాత నీ భుజం పోయింది. నేను అని ఉంటే పోయేది కాదు."

టీచరమ్మ మా వైపు వీపు పెట్టి, బిగించిన క్లాంపునే మళ్ళీ బిగిస్తోంది.

"నీతో మోసినన్నాళ్ళూ ఎప్పుడూ అనలేదు" అన్నాడు. "నువ్వు అంటే నేనూ అందామని చూసేవాణ్ణి. పొద్దుట నువ్వు విన్నావే, దింపు దింపు అని. అందులో సగం నావి."

ఆ నవ్వులు అప్పుడు అర్థమయ్యాయి.

ఇంకెవరైనా అయితే ఇక్కడ బుద్ధి తెచ్చుకుంటారు. ఆయన ఇన్నాళ్ళూ భయాన్నీ నొప్పినీ మింగి నాతో వెనక్కి నడిచాడే అని కరిగిపోతారు. నేనూ కరిగాను, కాదనను. కానీ అంతకంటే ముందు నాకు తట్టింది వేరు. ఏళ్ళ తరబడి నాతో మోసి, ఆ మాట మొట్టమొదట దానితో అన్నాడు. నా చోటు పోవడం కంటే అది ఎక్కువ కాల్చింది. చోటుదేముంది, భుజం పోతే చోటు పోతుంది. ఆ మాట నాతో అనడానికి ఏమీ అడ్డం లేదు, నేను తప్ప.

మిగిలిన పలకలు వాళ్ళిద్దరే మోశారు. నేను పిట్టగోడకు దూరంగా కూర్చుని చూశాను. మధ్యలో ఒకసారి టీచరమ్మ "వదినా, మీరు ఇటు నిలబడి ఆ మూల గొట్టం చెబుతారా" అంది. దయతో అంది. "నీ కళ్ళు నీకున్నాయి కదా" అన్నాను. అది వెళ్ళి పలక ఎత్తింది. ఒకచోట మా ఆయన "దింపు" అన్నాడు. ఈసారి గొంతు స్పష్టంగా విన్నాను. టీచరమ్మ దించింది. ఆయన మణికట్టు తిప్పుకున్నాడు, ఎత్తారు, వెళ్ళారు. అంతే. అందులో ఏమీ లేదు. ఎవరి పరువూ పోలేదు, ఆకాశమూ ఊడిపడలేదు. చూస్తూ ఉంటే నాకు భుజం నొప్పి ఇంకాస్త ఎక్కువైంది.

వైర్లు కలిపి, కనెక్టర్లన్నీ టిక్కుమన్నాక టార్పాలిన్లు తీశారు. కిందికి దిగి నేనే తాళం తీశాను. మీట పైకి లేపితే ఇన్వర్టర్ మీద పచ్చ దీపం వెలిగింది. యజమానురాలు వచ్చి దీపాన్ని చూసి, నా చేతిలో తాళంచెవి చూసి, "అయితే అంతా మీ చేతిలోనే ఉందన్నమాట" అంది. పొద్దుట ఆ మాట అని ఉంటే పొంగిపోయేదాన్ని.

సామాను సర్దుకున్నాం. టీచరమ్మ బెల్టులూ తాళ్ళూ చుట్టి వ్యాను దగ్గరికి తీసుకెళ్ళింది. పనిముట్ల పెట్టె మిగిలింది. ఇనప పెట్టె, రెండు పక్కలా పిడులున్నాయి. మా ఆయన ఒక పిడి పట్టుకుని నా వంక చూశాడు. నేను ఎడమ చేత్తో రెండోది పట్టుకున్నాను. వాకిట్లోకి నడిచాం. ఇక్కడ ఎవరూ వెనక్కి నడవాల్సిన పనిలేదు, పక్కపక్కనే నడవచ్చు. గొట్టాలు లేవు, గోడ లేదు, దుప్పట్ల బళ్ళు నిలిపే చదునైన సిమెంటు నేల.

సగం దూరంలో ఆయన అన్నాడు.

"దింపు."

దించాను. అక్కడికక్కడ, మారుమాట లేకుండా. ఎందుకని అడగలేదు. ముఖం అదోలా పెట్టలేదు, పెట్టకుండా ఉండటానికి పడిన కష్టం నాకే తెలుసు. ఆయన చెయ్యి విదిలించుకుని వేళ్ళు ముడిచి తెరిచాడు. నిజంగా పట్టేసిందో, నాతో ఒక్కసారైనా అనాలని అన్నాడో తెలియదు. అది అడగకూడదన్నదే కదా ఒప్పందం. ఇద్దరం పెట్టెకు చెరోవైపు నిలబడ్డాం. నా గుండె చిన్నపిల్లలా గంతులేస్తోంది.

"ఎత్తుదామా, మేస్త్రీ?" అన్నాడు. నేల మీద నిలబడి అన్నాడు.

"ఇంకాసేపు ఆగు" అన్నాను. మీరు అనడం గుర్తుకు రాలేదు.

వ్యాను దగ్గరినుంచి టీచరమ్మ చూసింది. చేతిలో తాళ్ళు లోపల పడేసి రెండడుగులు ఇటు వేసింది.

"బరువుగా ఉందా అన్నయ్యా? నేనొచ్చి పట్టనా?"

"నువ్వక్కడే ఉండు" అన్నాను, ఆయన నోరు తెరిచేలోపు.